ఆంక్షలు పడితే విమానాలు ఎందుకు ఆగుతాయి? వరంగల్, కరీంనగర్ వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

గల్ఫ్‌లో ఒక విమాన మరమ్మతు హ్యాంగర్‌లో, విడిభాగాల తనిఖీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. రష్యాలో ఎంబీబీఎస్ చదివే పిల్లల తల్లిదండ్రులు, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయే తమ్ముళ్లు, వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసే కుర్రాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబులు ఒకచోట ఉంటే నాకూ వాళ్లకూ పని తగ్గుతుందని రాస్తున్నాను. నియమాలు మారుతుంటాయి, కాబట్టి టికెట్ కొనేముందు ఆ రోజు పరిస్థితి ఒకసారి చూసుకోండి.

అసలు ఆంక్షలంటే ఏమిటి? వాటికీ విమానాలకూ లింకేంటి?

ఒక దేశం చేసిన పని నచ్చనప్పుడు యుద్ధానికి పోకుండా దాని వ్యాపారం మీద దెబ్బ కొట్టడమే ఆర్థిక ఆంక్ష. సరుకు అమ్మరు, అప్పు ఇవ్వరు, బ్యాంకు లావాదేవీలు ఆపేస్తారు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి విధిస్తే సభ్యదేశాలన్నీ పాటించాలి. అమెరికా, ఐరోపా యూనియన్ సొంతంగా విధించేవి వేరు, వాటిలో మన దేశం చేరదు. అయినా మన కంపెనీలు వాటికి భయపడతాయి. డాలర్లలో వ్యాపారం చేయాలన్నా, అమెరికా విడిభాగం కొనాలన్నా ఆ నిషేధ జాబితాలో పేరు ఉండకూడదు మరి. 2024 అక్టోబరులో రష్యాకు విమాన భాగాల వంటివి పంపారంటూ కొన్ని భారత కంపెనీలను కూడా అమెరికా ఆ జాబితాలోకి ఎక్కించింది.

విమానయానమే ఎందుకు ముందు దెబ్బ తింటుందంటే, ఒక్కో విమానం వెనకాల ఇన్ని దేశాలు ఉంటాయి: బాడీ ఫ్రాన్స్‌లో, ఇంజిన్ అమెరికాలో, ఓనర్ ఐర్లాండ్‌లో, బీమా లండన్‌లో, రిజిస్ట్రేషన్ బెర్ముడాలో. వీటిలో ఏ ఒక్కరు చేతులెత్తేసినా అది నేల మీదే నిలబడుతుంది.

అమెరికా వద్దంటే ఫ్రాన్స్‌లో చేసిన ఎయిర్‌బస్ ఎందుకు ఆగాలి?

ఇరాన్ లాంటి దేశాల విషయంలో అమెరికా నియమం ఇది: వస్తువు ఏ దేశంలో తయారైనా, అందులో అమెరికా భాగాల విలువ 10 శాతం దాటితే అమెరికా లైసెన్స్ కావాలి. ఎయిర్‌బస్‌లో ఆ వాటా తేలిగ్గా దాటుతుంది.

ఇరాన్ కథే చూడండి. 2015లో అణు ఒప్పందం కుదిరింది, 2016లో ఆంక్షలు సడలాయి. ఇరాన్ ఎయిర్ ఆ ఏడాది చివరికల్లా 100 ఎయిర్‌బస్‌లకు, 80 బోయింగ్‌లకు ఒప్పందాలు రాసుకుంది. 2018 మేలో ట్రంప్ ఆ ఒప్పందం నుంచి తప్పుకోగానే లైసెన్సులు రద్దయ్యాయి. ఆగస్టులో ఆంక్షలు మళ్లీ పడేలోపు చేతికి వచ్చినవి మూడు ఎయిర్‌బస్‌లు, ఏటీఆర్ అనే చిన్న విమానాలు 13. బోయింగ్ ఒక్కటీ రాలేదు. కొత్తవి రాకపోతే పాతవాటినే లాక్కురావాలి. ప్రపంచమంతా ఎప్పుడో పక్కన పెట్టేసిన బోయింగ్ 747ఎస్‌పీని ఇరాన్ ఎయిర్ 2016 దాకా ప్రయాణికులతో నడిపింది.

ఆ పార్ట్ ఏదో బయట కొని బిగించేస్తే పోలా?

దొరకడం, బిగించడం పెద్ద పనేం కాదు. చిక్కంతా కాగితం దగ్గర. ఈ పేజీలో నేను చెప్పేవాటిలో ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా స్టోర్స్‌కు ఒక హైడ్రాలిక్ పంపు వచ్చిందనుకోండి. పెట్టె విప్పగానే మేం ముందు పంపును చూడం, దాంతో వచ్చిన ఒక్క పేజీ కాగితాన్ని చూస్తాం. ఐరోపా నుంచి వస్తే అక్కడి విమాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ వారి ఫారం 1, అమెరికా నుంచి వస్తే అక్కడి ఎఫ్ఏఏ వారి 8130-3, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పద్ధతిలో అయితే సీఏ ఫారం 1. పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, కొత్తదా రిపేరు చేసిందా, ఏ వర్క్‌షాపు, దాని అనుమతి నంబరు ఎంత, సంతకం ఎవరిది, అన్నీ అందులో ఉంటాయి. పంపు మీది నేమ్‌ప్లేట్‌లో సీరియల్ నంబరు చివర 6 ఉండి, కాగితం మీద 8 ఉంటే చాలు. పంపు తళతళలాడుతున్నా సరే, దానికి ట్యాగు కట్టి తాళం వేసే గదిలో పెట్టేస్తాం. ఇంజిన్‌లో తిరిగే డిస్కుల్లాంటి వాటికి ఇంకా కఠినం. తయారైన రోజు నుంచి ఏ ఇంజిన్‌లో ఎన్ని సైకిళ్లు (ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్) తిరిగిందో పూర్తి చరిత్ర ఉండాలి. మధ్యలో కొంతకాలం లెక్క తప్పిందా, దానికి ఎంత ధర పెట్టినా తుక్కు కిందే లెక్క. మన దగ్గర పట్టాదారు పాసుపుస్తకం లేని భూమి ఎంత మంచి నల్లరేగడి అయినా బ్యాంకు లోను ఇవ్వదు కదా, ఇదీ అలాంటిదే.

ఆంక్షలు పడ్డప్పుడు ఆగిపోయేది ముందుగా ఈ కాగితమే. తయారీదారు మాన్యువల్ అప్‌డేట్లు పంపడు, వర్క్‌షాపు సంతకం పెట్టదు, బీమా కంపెనీ పాలసీ రాయదు. ఆ తర్వాతే విడిభాగం కరువు.

కాగితం ఎంత పని చేస్తుందో 2018 డిసెంబరులో అందరూ చూశారు. దుబాయ్ నుంచి ఓస్లో పోతున్న నార్వేజియన్ సంస్థ బోయింగ్ 737 మ్యాక్స్ ఇంజిన్ ఆయిల్ సమస్యతో ఇరాన్‌లోని షిరాజ్‌లో దిగింది. ప్రయాణికులను మరో విమానంలో తీసుకెళ్లారు. కానీ బాగుచేయడానికి కావలసిన భాగాలు ఆంక్షల వల్ల తిన్నగా పంపలేకపోయారు. కొత్త విమానం, ఆంక్షలతో సంబంధం లేని సంస్థ, అయినా రెండు నెలలకు పైగా అక్కడే ఇరుక్కుంది.

రష్యాలో 2022లో ఏం జరిగింది?

ఉక్రెయిన్‌పై దాడి మొదలైంది ఫిబ్రవరి 24న. రెండు మూడు రోజుల్లోనే ఐరోపా యూనియన్ రష్యాకు విమానాలు, విడిభాగాలు, బీమా అమ్మకూడదని చెప్పింది. లీజుకు ఇచ్చినవాటిని వెనక్కి తీసుకోవడానికి మార్చి 28 దాకా గడువు పెట్టింది. రష్యా సంస్థలు నడిపే బోయింగ్, ఎయిర్‌బస్‌లలో 400కు పైగా విదేశీ లీజింగ్ కంపెనీలవే. వాటి విలువ సుమారు 1,000 కోట్ల డాలర్లు. చాలావరకు బెర్ముడాలో రిజిస్టరైనవి. మార్చి 12న బెర్ముడా వాటి ఎగురుబాటు యోగ్యతా పత్రాలను నిలిపేసింది. అంటే ఆ రోజు నుంచి లెక్కప్రకారం అవి ఎగరకూడదు.

రష్యా ఏం చేసిందంటే, వాటిని తన దగ్గరే మళ్లీ రిజిస్టర్ చేసుకునేలా మార్చి 14న చట్టం తెచ్చింది. ఒకే విమానానికి రెండు దేశాల్లో రిజిస్ట్రేషన్ ఉండకూడదని 1944 నాటి షికాగో ఒప్పందం చెబుతుంది. ఆ సంగతి ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ ఐకావో ఎత్తి చూపినా పెద్దగా ఫలితం లేదు.

దేశం లోపల తిరిగినంతకాలం పర్లేదు, బయట దిగితేనే చిక్కు. 2022 జూన్ 2న రష్యా సంస్థ ఏరోఫ్లాట్ ఎయిర్‌బస్ ఎ330 ఒకటి కొలంబోలో దిగి, తిరిగి మాస్కో బయల్దేరబోతుంటే ఐర్లాండ్ లీజింగ్ కంపెనీ వేసిన కేసులో అక్కడి కోర్టు ఆపేసింది. కొన్ని రోజులకు వదిలారు కానీ ఏరోఫ్లాట్ ఆ దెబ్బకు శ్రీలంక సర్వీసులు ఆపుకుంది. కెనడాలోని టొరంటోలో అయితే రష్యా సంస్థ వోల్గా-ద్నేపర్ వారి అంటోనోవ్-124 రవాణా విమానం 2022 ఫిబ్రవరిలో కొవిడ్ కిట్లు దింపి అక్కడే ఇరుక్కుపోయింది. మరుసటి ఏడాది కెనడా ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది.

మరి ఆ విమానాల ఓనర్ల గతి?

బీమా కంపెనీల మీద పడ్డారు. సాధారణ పాలసీ వర్తిస్తుందా, యుద్ధ ప్రమాద పాలసీ వర్తిస్తుందా అన్నది వాదం. విమానాలు లీజుకిచ్చే కంపెనీల్లో అందరికంటే పెద్దదైన ఎయిర్‌క్యాప్ కేసు లండన్ హైకోర్టులో నడిచింది. విమానాల ఎగుమతిని నిషేధిస్తూ 2022 మార్చి 10న రష్యా ప్రభుత్వం ఇచ్చిన ఆదేశంతోనే అవి పోయినట్టని, కాబట్టి యుద్ధ ప్రమాద బీమాదారులే కట్టాలని 2025 జూన్‌లో తీర్పు వచ్చింది. ఎయిర్‌క్యాప్‌కు దక్కింది 100 కోట్ల డాలర్ల పైమాటే. ఆ తర్వాత యుద్ధ ప్రమాద ప్రీమియంలు తగ్గుతాయని ఎవరూ అనుకోరు. ఆ భారం లీజు అద్దెలోకి, అద్దె టికెట్‌లోకి వస్తుంది.

రష్యాలో విమానాలు ఇంకా ఎగురుతున్నాయిగా? ఆంక్షలు ఫెయిలైనట్టేనా?

ఎగురుతున్నాయి. మూడో దేశాల గుండా భాగాలు తెచ్చుకుంటున్నారు, కొన్ని విమానాలను విప్పి మిగతావాటికి వాడుతున్నారు. కానీ ప్రాట్ అండ్ విట్నీ కొత్తతరం ఇంజిన్లున్న ఎ320 నియోలు రష్యాలోని ఎస్7 సంస్థలో చాలావరకు నేల మీదే ఉండిపోయాయి. పాత మోడల్ అయితే ఎలాగోలా నెట్టుకురావచ్చు, కొత్త ఇంజిన్‌కు తయారీదారు సాయం లేకుండా కష్టం.

సొంతంగా చేసుకుందామన్న ప్రయత్నమూ చెప్పుకోదగ్గదే. సుఖోయ్ సూపర్‌జెట్ ఇంజిన్ ఫ్రాన్స్ సఫ్రాన్‌తో కలిసి చేసింది. ఆ సాయం ఆగగానే దాని బదులు పీడీ-8 అనే సొంత ఇంజిన్ మీద పడ్డారు. పెద్ద విమానం ఎంసీ-21కు పీడీ-14. ఇవి కాగితం మీద చెప్పిన గడువుల కంటే బాగా వెనకబడ్డాయి. నా ఉద్దేశంలో ఆంక్షలు రష్యా విమానయానాన్ని చంపలేదు. వయసు మీద పడేలా చేశాయి. అది అన్నిటికంటే నెమ్మదిగా తెలిసే దెబ్బ.

మా పాప రష్యాలో చదువుతోంది. అక్కడి లోకల్ ఫ్లైట్ ఎక్కొచ్చా సార్?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా తల్లిదండ్రుల టెన్షన్ అర్థమవుతుంది, కాబట్టి గుండ్రంగా తిప్పకుండా చెబుతాను. పెద్ద నగరాల మధ్య పెద్ద సంస్థల విమానాల్లో రోజూ లక్షలాది మంది తిరుగుతున్నారు. నేనైతే అత్యవసరమైతే వాటిలో పంపుతాను, రైలు ఉన్న దగ్గర రైలే ఎక్కమంటాను. మారుమూల ప్రాంతాల చిన్న సంస్థల పాత విమానాలు మాత్రం వద్దంటాను. 2025 జులై 24న తూర్పు రష్యాలోని టిండా దగ్గర 48 మందితో కూలిన అంగారా సంస్థ అంటోనోవ్-24 1976లో తయారైనది.

అలాగని ప్రతి ప్రమాదాన్నీ ఆంక్షల ఖాతాలో రాయకండి. 2024 మే 19న ఇరాన్ అధ్యక్షుడు రైసీ చనిపోయిన బెల్ 212 హెలికాప్టర్ విషయంలో ఆ దేశ మాజీ విదేశాంగ మంత్రి జరీఫ్ వెంటనే అమెరికా ఆంక్షలను నిందించారు. ఇరాన్ సొంత దర్యాప్తు మాత్రం దట్టమైన పొగమంచు, వాతావరణమే కారణమంది. 2023 సెప్టెంబరులో రష్యాలోని ఉరల్ సంస్థ ఎ320 సైబీరియా గోధుమ చేలో దిగింది. హైడ్రాలిక్ లోపంతో పాటు ఇంధనం లెక్క తప్పడం కూడా అందులో ఉంది. అందరూ బతికారు.

రష్యాకు టికెట్, అక్కడ ఖర్చులకు డబ్బు ఎలా?

ఢిల్లీ నుంచి ఏరోఫ్లాట్ నేరుగా మాస్కో పోతుంది. హైదరాబాద్ నుంచైతే దుబాయ్, షార్జా లాంటి గల్ఫ్ దారుల్లో ఎక్కువ మంది పోతున్నారు. రష్యా సంస్థల టికెట్లు అన్ని బుకింగ్ సైట్లలో కనిపించవు, 2022లో సేబర్ లాంటి పెద్ద బుకింగ్ వ్యవస్థలు ఏరోఫ్లాట్‌ను తీసేశాయి.

కార్డు సంగతి మర్చిపోకండి. 2022 మార్చి 10 నుంచి రష్యా బయట ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ పనిచేయడం లేదు. చేతిలో నగదు ఉండాలి. మామూలుగా విదేశీ నగదు తీసుకెళ్లడానికి తక్కువ పరిమితి ఉంటుంది కానీ, రష్యాకు పోయేవాళ్లకు రిజర్వ్ బ్యాంకు నియమాల్లో మినహాయింపు ఉంది. హన్మకొండలో బ్యాంకు శాఖల్లో అందరికీ ఈ సంగతి తెలియదు, ఫారెక్స్ చేసే శాఖలో అడగండి. 10,000 డాలర్లు దాటితే రష్యా కస్టమ్స్‌లో డిక్లేర్ చేయాలి.

ఆకాశం మూసేస్తే టికెట్ ధర ఎందుకు పెరుగుతుంది?

రష్యా 2022 ఫిబ్రవరి 28న 36 దేశాల విమానాలకు తన గగనతలం మూసేసింది. సైబీరియా మీదుగా పోవడమే ఐరోపా నుంచి జపాన్‌కు దగ్గరి దారి. ఫిన్లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్‌కు హెల్సింకి నుంచి టోక్యో 9 గంటలు పట్టేది, ఇప్పుడు 13 దాకా పడుతోంది. నాలుగు గంటలు ఎక్కువంటే అంత ఇంధనం, అదనపు పైలట్లు, ఇంధనం బరువు పెరిగినకొద్దీ కార్గో తగ్గింపు. అదే విమానం రోజుకు చేసే ట్రిప్పులూ తగ్గుతాయి. మన ఎయిర్ ఇండియాకు ఆ నిషేధం లేదు కాబట్టి అమెరికా సంస్థలు ఇది అన్యాయమని గోల చేశాయి.

ఆ లాభం వెనకాలే చిక్కూ ఉంది. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిర్ ఇండియా 173 ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఊళ్లో అంతమందికి హోటళ్లు లేవు, కొందరిని బడి భవనాల్లో ఉంచారు. వేరే విమానం వచ్చి వాళ్లను తీసుకెళ్లేసరికి 8వ తేదీ అయింది. అమెరికా ఇంజిన్ ఉన్న బోయింగ్ 777 ఆంక్షలున్న దేశంలో నిలబడితే ఏంటి సంగతి అని ప్రపంచమంతా చూసింది.

పాకిస్తాన్ మూసివేత దీనికి భిన్నం. అది ఆర్థిక ఆంక్ష కాదు, రెండు దేశాల మధ్య పరస్పర నిషేధం. 2019లో ఫిబ్రవరి చివర నుంచి జులై దాకా మూసినప్పుడు ఎయిర్ ఇండియాకు 491 కోట్ల రూపాయల నష్టమని ప్రభుత్వం రాజ్యసభలో చెప్పింది. 2025 ఏప్రిల్ 24న మళ్లీ మూశారు. అది భారత విమానాలకే వర్తిస్తుంది, హైదరాబాద్ నుంచి లండన్ పోయే బ్రిటిష్ విమానానికి కాదు. ఢిల్లీ నుంచి పోయేవాళ్లకు తగిలినంత దెబ్బ హైదరాబాద్ గల్ఫ్ ప్రయాణికులకు తగలదు, ఎందుకంటే ఆ విమానాలు అరేబియా సముద్రం మీదుగా పోతాయి.

గల్ఫ్ పనివాళ్ల మీద ఆంక్షల ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. ఖతార్ ఉదాహరణ చాలు. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకుని ఆకాశమూ నేలా మూసేశాయి. దుబాయ్ మీదుగా దోహా పోయే మార్గం రాత్రికి రాత్రి పోయింది. మస్కట్, కువైట్ మీదుగా తిరగడమో, డైరెక్ట్ ఫ్లైట్‌కు ఎక్కువ పెట్టడమో చేయాల్సి వచ్చింది. అది 2021 జనవరి దాకా సాగింది. ఖతార్ ఎయిర్‌వేస్ ఇరాన్ మీదుగా తిరిగి పోవలసి వచ్చింది, ఆకాశం వాడుకున్నందుకు రుసుము ఇరాన్‌కు పోయింది, ఒకరి ఆంక్ష ఇంకొకరికి ఆదాయమైంది. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొద్ది గంటలు మూయడం వేరే విషయం, అది ఇరాన్ క్షిపణుల దాడి భయంతో.

ఇండియా మీద ఎప్పుడైనా ఇలాంటివి పడ్డాయా?

పడ్డాయి. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. తేజస్ యుద్ధ విమానపు ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కోసం అమెరికాలో లాక్‌హీడ్ మార్టిన్‌తో పనిచేస్తున్న మన ఇంజినీర్లను వెనక్కి పంపేశారు. బెంగళూరులో ఆ పని మళ్లీ చేసుకున్నారు. 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది. నౌకాదళం సీకింగ్ హెలికాప్టర్లకు అమెరికా భాగాలు రాక కొన్ని మూలన పడ్డాయి. అవి తయారైంది బ్రిటన్‌లో అయినా లోపలి సామాను అమెరికాది కావడమే కారణం. ఆంక్షలు 2001 సెప్టెంబరులో తీసేశారు.

ఇంతకుముందు ఏ దేశాలు ఇలా ఇబ్బంది పడ్డాయి?

వర్ణవివక్ష కాలంలో దక్షిణాఫ్రికా విమానాలను 1963 నుంచి ఆఫ్రికా దేశాలు తమ మీదుగా పోనివ్వలేదు. అవి ఖండం పడమటి వైపు సముద్రం మీదుగా తిరిగి, దారిలో కేప్ వర్దీలోని సాల్ దీవిలో ఇంధనం నింపుకుని ఐరోపా పోయేవి. 1988లో స్కాట్లాండ్ మీద అమెరికా ప్రయాణికుల విమానాన్ని బాంబుతో పేల్చిన లాకర్‌బీ కేసులో నిందితులను అప్పగించనందుకు లిబియాపై 1992 ఏప్రిల్ నుంచి విమానాల నిషేధం పడింది. ఏడేళ్లపాటు లిబియావాళ్లు రోడ్డు మీద ట్యునీషియా చేరి అక్కడ విమానం ఎక్కేవాళ్లు. బీటెక్ పిల్లలకు ఇవి పరీక్షలో పనికొస్తాయేమో.

హైదరాబాద్‌లో విమాన భాగాల కంపెనీలున్నాయి కదా, ఉద్యోగాలకు లాభమా నష్టమా?

ఇప్పటివరకు లాభమే ఎక్కువ. బోయింగ్ 2022 మార్చిలో విమాన భాగాలకు వాడే లోహం టైటానియంను రష్యా నుంచి కొనడం ఆపేసింది, ఎయిర్‌బస్ మాత్రం కొంటూనే ఉంది. 2024 ఫిబ్రవరిలో కెనడా ఆ రష్యా కంపెనీ వీఎస్‌ఎమ్‌పీఓ-అవిస్మాపై ఆంక్ష పెట్టి, తన ఫ్యాక్టరీలే ఆగుతాయని మినహాయింపులు ఇవ్వాల్సి వచ్చింది. అంటే ప్రపంచ కంపెనీలు ఒకే దేశం మీద ఆధారపడటం మానాలని చూస్తున్నాయి. ఆదిభట్లలో టాటా-బోయింగ్ అపాచీ హెలికాప్టర్ల బాడీలు చేస్తోంది. శంషాబాద్‌లో సఫ్రాన్ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబరులో మొదలైంది.

ఏఎమ్ఈ (విమాన మరమ్మతు ఇంజినీరింగ్) చదువుతున్న తమ్ముళ్లకు ఒక మాట. రెంచీ పట్టడం అందరూ నేర్చుకుంటారు. ఫారం 1 చదవడం, అనుమానం వచ్చిన పార్టును పక్కన పెట్టడం, ఎగుమతి నియంత్రణ జాబితాలు చూడటం తెలిసినవాళ్లు తక్కువ. వాళ్లకు గిరాకీ ఉంది.

మామునూరు విమానాశ్రయానికీ ఆంక్షలకూ సంబంధం ఉందా?

నేరుగా లేదు. మామునూరు ఇన్నేళ్లు ఆగింది ఒక ఒప్పందం వల్ల: శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లపాటు ఇంకో విమానాశ్రయం రాకూడదని. శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. పరోక్షంగా సంబంధం ఉంటుంది. ఇలాంటి చోటికి వచ్చే ఏటీఆర్ అయినా, ఎ320 అయినా చాలావరకు లీజు మీదే వస్తుంది. లీజు అద్దె, బీమా పెరిగితే చిన్న ఊరి రూట్లే ముందు కోతపడతాయి.

ఆకాశం మూసి ఫ్లైట్ క్యాన్సిలైతే డబ్బు తిరిగి వస్తుందా?

విమానం రద్దయితే టికెట్ డబ్బో, మరో విమానమో అడిగే హక్కు మీకుంది. గగనతలం మూయడం సంస్థ చేతిలో లేని కారణం కాబట్టి పైన పరిహారం మాత్రం రాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లలో చాలావాటికి యుద్ధం మినహాయింపు ఉంటుంది, పాలసీ చివరి పేజీలు చదవండి. అన్నిటికంటే ముఖ్యంగా, చవగ్గా వస్తోందని హైదరాబాద్ నుంచి దుబాయ్ ఒక టికెట్, దుబాయ్ నుంచి మాస్కో ఇంకో టికెట్ వేర్వేరుగా కొనకండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఆరక్షరాల కోడ్ ఒకటే ఉందో రెండున్నాయో చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.